బోన్సాయ్ మట్టి కోసం జపాన్ దాకా పోనక్కరలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక పెరటితోటల పేజీలో బోన్సాయ్ పెంపకం గురించి అప్పుడప్పుడు వ్యాసాలు వస్తున్నాయి. మేడ మీదో బాల్కనీలోనో కాస్త జాగా ఉన్న ప్రతివారికీ ఒక రావి మొక్కనో మర్రి మొక్కనో చిన్న పళ్లెంలో పెంచుకోవాలన్న ముచ్చట పుడుతున్న ఈ రోజుల్లో అటువంటి వ్యాసాల అవసరం ఎంతో ఉంది. అయితే వాటిలోనూ, మొక్కల దుకాణాల్లో వినిపించే సలహాల్లోనూ ఒకే మాట మళ్లీ మళ్లీ ఎదురవుతోంది. బోన్సాయ్‌కి అకడమా, కనుమా అనే జపాన్ మట్టిగింజలు, ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి వంటి దిగుమతి సరుకే శ్రేష్ఠమనీ, అంత పెట్టి కొనలేనివారు ఎర్రమట్టిలో ఇసుక, పశువుల ఎరువు కలిపి సరిపెట్టుకోవచ్చుననీ చెబుతున్నారు. మొదటి సలహా మధ్యతరగతి ఇంటి ఖర్చుకు అందదు. రెండవది మొక్క ప్రాణానికే ముప్పు తెస్తుంది. మన ఊళ్లలోనే దాదాపు ఉచితంగా దొరికే, మన ఎండకూ వానకూ నిలిచే మరో దారి ఉంది. బాగా కాలిన ఇటుక, పెంకు, కుండ ముక్కలను తగిన సైజుకు కొట్టి, జల్లించి, కడిగి వాడుకోవడమే ఆ దారి. దాని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా అకడమా అంటే ఏమిటో చూద్దాం. జపాన్‌లోని కాంతో మైదానంలో అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పడి, వేల ఏళ్లలో బంకమట్టిగా మారింది. ఆ మట్టిని తవ్వి, ఆరబెట్టి, గింజ సైజును బట్టి వేరుచేసి సంచుల్లో నింపితే అదే అకడమా. కనుమా అదే ప్రాంతంలోని కనుమా పట్టణం పేరుతో వచ్చిన, కాస్త పులుపు గుణం గల తేలికపాటి రాయి. దాన్ని ప్రధానంగా అజేలియా జాతి పూలమొక్కలకు వాడతారు. 1923 నాటి మహాభూకంపం తర్వాత టోక్యోలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నేల, మంచి నీరు, మంచి గాలి వెతుక్కుంటూ నగరం విడిచి వెళ్లి, 1925లో ఒమియాలో తమ గ్రామాన్ని కట్టుకున్నారు. కాంతో మైదానంలోని ఆ ఊరికి అకడమా పొరుగు సరుకే. మనకు మాత్రం అదే మట్టి సముద్రాలు దాటి వచ్చి, కిలో వందల రూపాయలు పలుకుతోంది. ఒక మాదిరి పళ్లేనికి రెండు మూడు కిలోలు పడుతుంది. రెండు మూడేళ్లలో ఆ గింజలు నలిగి మెత్తబడితే మళ్లీ కొనాలి. పది మొక్కలున్న ఇంట్లో ఆ ఖర్చు ఎంతవుతుందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

అకడమా గొప్పదనం దాని పేరులోనో పుట్టిన దేశంలోనో లేదు, ఆ గింజ స్వభావంలో ఉంది. గింజ లోపల సన్నని రంధ్రాలు ఉండి నీటిని పట్టి ఉంచుతాయి. గింజకూ గింజకూ నడుమ ఖాళీలు ఉండి నీరు పోయగానే దిగిపోతుంది, వెనకే గాలి చొరబడుతుంది. ఈ రెండు పనులూ చేయగలిగి, ఉప్పూ సున్నమూ లేకుండా, కొన్నేళ్లపాటు నలగకుండా నిలిచే ఏ పదార్థమైనా మనకు పనికివస్తుంది. వృక్షశాస్త్రం బోధించిన దానిగా ఈ విషయంలో నాకు సందేహం లేదు. వేరుకు కావలసినవి నీరు, గాలి, పోషకాలు. అవి ఏ గింజ నడుమ దొరికినా వేరు తీసుకుంటుంది.

ఇక్కడ గాలి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మొక్క ఎండిపోవడమే మనకు కనిపిస్తుంది కాబట్టి అందరి ధ్యాసా నీటి మీదే ఉంటుంది. కానీ పళ్లెంలో పెరిగే చెట్లకు ఎక్కువ ముప్పు వేరు కుళ్లు వల్లే, అంటే వేళ్లకు ఊపిరాడకపోవడం వల్లే వస్తుంది. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టి ఖాళీలన్నీ నీటితో నిండి రోజులు గడిస్తే వేళ్లు ఊపిరాడక చచ్చిపోతాయి, ఆ తర్వాత బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. వేళ్లు చచ్చిన మొక్క నీరు తీసుకోలేక ఆకులు వాల్చేస్తుంది. అది చూసి నీరు చాలలేదనుకుని ఇంకా పోస్తారు.

లోతు తక్కువ పళ్లేల్లో ఈ బాధ మరీ ఎక్కువ. ఏ కుండీలోనైనా నీరు పోసి, అడుగు రంధ్రం నుంచి కారడం ఆగిపోయాక కూడా, అడుగున కొంత ఎత్తు వరకు మట్టి నీటితో నిండే ఉంటుంది. ఆ తడిపొర ఎత్తు మట్టి రేణువుల సైజును బట్టి ఉంటుంది గానీ కుండీ లోతును బట్టి మారదు. సన్నమట్టిలో ఆ పొర రెండంగుళాలు నిలుస్తుందనుకుందాం. పన్నెండు అంగుళాల లోతు కుండీలో దాని పైన ఇంకా పది అంగుళాల మేర గాలి ఆడుతుంది. రెండంగుళాల బోన్సాయ్ పళ్లెంలోనైతే వేళ్లన్నీ ఆ నీటిలోనే మునిగి ఉంటాయి. నమ్మకం కుదరనివారు గిన్నెలు తోమే కొత్త స్పాంజిని నీళ్లలో పూర్తిగా నానబెట్టి, అరచేతి మీద బల్లపరుపుగా పెట్టి, నీరు కారడం ఆగేదాకా చూడాలి. చుక్క కూడా రాలడం లేదని నిర్ధారణ అయ్యాక దాన్ని మెల్లగా నిలువుగా తిప్పాలి. పిండకుండానే మళ్లీ ధారగా నీరు కారుతుంది. స్పాంజి అదే, నీరు అదే, మారింది లోతు ఒక్కటే. అందుకే లోతైన కుండీలో ఏళ్ల తరబడి బతికిన మొక్క, అదే మట్టితో పళ్లెంలోకి మార్చగానే ఒక్క వానాకాలంలో చచ్చిపోతుంది.

ఇదే కారణంగా పళ్లెం అడుగున కంకర పొర వేయడం వల్ల కూడా మేలు లేదు. సన్నమట్టిలోని నీరు ఆ కంకర అంచు దాకా వచ్చి అక్కడే ఆగిపోతుంది. కంకర ఎంత మందాన వేస్తే తడిపొర అంత పైకి జరిగి వేళ్లకు దగ్గరవుతుంది. ఈ అలవాటు మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, అడుగున కంకర వేయమని చెప్పని సలహాదారు అరుదు. పళ్లెం మొత్తం ఒకే రకం గింజతో నింపి, రంధ్రాల మీద చిన్న వల ముక్క పెడితే చాలు.

ఇప్పుడు ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువుల మిశ్రమం సంగతి. నేలలో గానీ పెద్ద కుండీలో గానీ ఇది చక్కగానే పనిచేస్తుంది. కడియం, కడియపులంక నర్సరీల్లో లక్షల మొక్కలు ఎర్రమట్టి సంచుల్లోనే పెరుగుతున్నాయి, అక్కడ అది సరైనదే. పళ్లెంలోకి వచ్చేసరికి మాత్రం కథ మారుతుంది. రకరకాల సైజుల రేణువులు కలిసినప్పుడు పెద్దవాటి నడుమ ఖాళీలను చిన్నవి, చిన్నవాటి నడుమ ఖాళీలను పొడి పూడ్చేస్తాయి. ఇంట్లో సిమెంటు పని జరిగినప్పుడు మేస్త్రీ కంకరలో ఇసుక, సిమెంటు కలిపేది సరిగ్గా ఆ ఖాళీలు పూడాలనే. ఎర్రమట్టిలో ఇసుక కలిపితే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. కొద్దిపాటి ఇసుక కలిపితే అది బంకమట్టిలో కూరుకుపోయి మిశ్రమం ఇంకా గట్టిపడుతుంది. నల్లరేగడి గురించి చెప్పనే అక్కరలేదు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఆ మట్టి పళ్లెంలోని సన్నని వేళ్లను తెంచేస్తుంది.

ఇక ఇటుక విషయానికి వస్తాను. మట్టిని సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దాటి కాల్చినప్పుడు బంకమట్టి అణువుల్లో కట్టుబడి ఉన్న నీరు పోయి దాని నిర్మాణమే శాశ్వతంగా మారిపోతుంది. ఆ తర్వాత ఎన్నాళ్లు నానినా అది తిరిగి బురద కాదు. మన ఇటుక బట్టీల్లో వేడి అంతకంటే బాగా ఎక్కువే ఉంటుంది. అందువల్ల సరిగా కాలిన ఇటుక గింజ అకడమా కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా దాని ఒంటి నిండా సన్నని రంధ్రాలే. ఎండిన ఇటుకను నీళ్లలో వేయగానే బుడబుడమని బుడగలు రావడం అందరం చూసినదే. ఆ బుడగలు వచ్చిన చోటల్లా నీరు చేరిందన్నమాట. వేసవిలో వేళ్లకు అందేది ఆ నీరే.

అయితే ప్రతి ఇటుకా పనికిరాదు, ఎంపికలోనే అసలు పనంతా ఉంది. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టినప్పుడు ఖంగుమని మోగాలి. దబ్బున చప్పుడైతే అది పచ్చిగా కాలినది, రెండు వానలకే కరిగిపోతుంది. చిన్న ముక్కను గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉదయం రెండు వేళ్లతో నలిపితే సందేహం తీరిపోతుంది: ముక్క చెక్కుచెదరకుండా, నీరు తేటగా ఉండాలి. దీనికి భిన్నంగా బట్టీలో మంటకు మరీ దగ్గరగా ఉండి నల్లబడి, గాజులా మెరిసే ఇటుకలూ కొన్ని ఉంటాయి. అవి నీటిని పీల్చవు కనుక మనకు రాతిముక్కలతో సమానం. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికే బంగాళా పెంకులు, కుమ్మరి వాముల దగ్గర పోగుపడే పగిలిన కుండ పెంకులు కూడా ఇటుకతో సమానంగా పనికివస్తాయి. కుండ పెంకు పలుచగా ఉంటుంది కనుక కొట్టడం తేలిక, నీరు పీల్చే గుణం కూడా ఎక్కువ.

ఫ్లైయాష్ ఇటుకలను మాత్రం దగ్గరకు రానివ్వకూడదు. బూడిద రంగులో ఉండే ఆ ఇటుకలు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాటిని కాల్చరు, సిమెంటుతోనో సున్నంతోనో గట్టిపరుస్తారు. తాజా సిమెంటు తగిలిన నీటి పీహెచ్, అంటే పులుపు-క్షార గుణాల కొలత, 12 దాటుతుంది. ఆ క్షారంలో ఇనుము వంటి పోషకాలు మొక్కకు అందకుండా పోయి ఆకులు పసుపుబారుతాయి. పడగొట్టిన ఇంటి ఇటుకలకు అంటుకున్న సిమెంటు, సున్నపు గచ్చు ముక్కలతోనూ అదే బాధ. అనుమానం ఉన్న ముక్క మీద నిమ్మరసం నాలుగు చుక్కలు పిండి చూడండి. సోడా పొంగినట్టు బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, పక్కన పడేయాలి. రంగులు వేసిన గోడల ఇటుకలు అసలే వద్దు. పాతకాలపు రంగుల్లో సీసం కలిసేది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో భవన శిథిలాలను మళ్లీ కంకరగా మార్చే ప్లాంట్లు ఉన్నాయి, మంచి పని చేస్తున్నాయి. కానీ అక్కడి సరుకులో సిమెంటు కలిసి ఉంటుంది కనుక బోన్సాయ్‌కి తగదు.

కొట్టే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. పొడి ఇటుకను కొడితే లేచే ధూళిలో సన్నని సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హానికరం. ఇటుకలను ముందు రోజే నీళ్లలో నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి, నాపరాయి మీద పెట్టి సుత్తితో కొట్టాలి. ముక్కుకూ నోటికీ మాస్కు తప్పనిసరి, పిల్లలను ఆ చుట్టుపక్కల ఉంచకూడదు. కొట్టినదాన్ని ఆరబెట్టి, ఆరుబయట గాలికి ఎదురుగా కాకుండా నిలబడి రెండు జల్లెడలు పట్టాలి. మొదటి జల్లెడలో 6 మిల్లీమీటర్ల కంటే పెద్దవి పైన ఆగిపోతాయి, వాటిని మళ్లీ కొట్టుకోవచ్చు. రెండవ జల్లెడ కంత 2 మిల్లీమీటర్లు ఉండాలి, దాని కిందికి జారిన పొడినంతా తీసేయాలి. ఈ పొడిని తీసేయడానికి చాలామందికి మనసొప్పదు, ఎందుకంటే కొట్టిన దానిలో దాదాపు సగం అదే ఉంటుంది. కానీ ఆ పొడి ఉంటే పడిన శ్రమంతా వృథా. అది గింజల నడుమ చేరి మళ్లీ ఎర్రమట్టి గతే పట్టిస్తుంది. దాన్ని నేలలోని మొక్కల పాదులకు వాడుకోవచ్చు. మిగిలిన గింజను బకెట్‌లో వేసి నీరు తేటపడేదాకా కడగాలి. కొన్ని ఊళ్ల ఇటుకలు ఎండాక తెల్లని ఉప్పు పూత తేలతాయి. అటువంటివాటిని రెండు మూడు రోజులు నీరు మారుస్తూ నానబెట్టాలి. సగం పొడిగా పోయినా 9 అంగుళాల ఇటుక ఒక్కటి సుమారు లీటరున్నర గింజనిస్తుంది. ఇటుక ధర పది రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. బట్టీ దగ్గర విరిగిన ముక్కలైతే అడిగితే ఊరికే ఇచ్చేవారున్నారు.

తయారైన మిశ్రమం సరిపోతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మొక్క నాటబోయే పళ్లెంలోనే, రంధ్రాలు లోపలి నుంచి టేపుతో మూసి, అంచు దాకా మిశ్రమం నింపి, పైదాకా నీరు నిలిచేలా మెల్లగా పోసి ఒక గంట ఆగాలి. ఆ తర్వాత కింద గిన్నె పెట్టి, అడుగు నుంచి టేపును పొడిచి, కారిన నీటిని కొలవాలి. ఎంత నీరు కారిందో అంత జాగాలోకి గాలి వచ్చిందన్నమాట. లీటరు పట్టే పళ్లెం నుంచి కనీసం 200 మిల్లీలీటర్లు, అంటే ఐదో వంతు కారితే నిశ్చింతగా నాటుకోవచ్చు. అంతకంటే బాగా తక్కువ కారితే పొడి మిగిలిపోయిందనో, ఎరువు ఎక్కువైందనో అర్థం. ఖరీదైన సంచి మట్టిని కూడా ఇలాగే కొలిచి చూసుకోవచ్చు.

ఇటుకకు తోడుగా కొంత రాతిగింజ కలపడం మంచిది. అది నీటిని పీల్చదు కనుక మిశ్రమం త్వరగా ఆరుతుంది, బరువు ఉండి గాలికి మొక్క ఒరగకుండా నిలబెడుతుంది. క్రషర్ల దగ్గర మేస్త్రీలు బేబీ చిప్స్ అనే 6 మిల్లీమీటర్ల గ్రానైట్ చిప్స్‌ను జల్లించి కడిగితే సరిపోతుంది. రాయిని పిండి చేసి తయారుచేసే రోబో శాండ్‌లో దుమ్ము చాలా ఎక్కువ. జల్లించగా మిగిలేది కొద్దిగానే అయినా, ఆ మిగిలింది బాగానే ఉంటుంది. నది ఇసుక గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: బోన్సాయ్‌కి దాని అవసరం లేదు. మనకు దొరికే ఇసుకలో ఎక్కువ భాగం 2 మిల్లీమీటర్ల కంటే సన్ననిదే, జల్లెడ కిందికే పోతుంది. పైగా గోదావరిలోనూ కృష్ణలోనూ పెన్నలోనూ ఇసుక తవ్వకాల వల్ల నదులకు ఏ గతి పడుతోందో రోజూ మీ పత్రికలోనే చదువుతున్నాం. సముద్రపు ఇసుక ఎంత కడిగినా నమ్మడానికి లేదు, ఉప్పు ఉంటుంది.

రైసు మిల్లుల ఊక మనకున్న మరో మంచి వనరు. మిర్యాలగూడ నుంచి తాడేపల్లిగూడెం దాకా మిల్లులున్న చోటల్లా దొరుకుతుంది. దాన్ని గాలి తగలకుండా నెమ్మదిగా మాడ్చి, గింజ ఆకారం చెడకుండా నల్లగా బొగ్గయ్యాక నీళ్లు చల్లి ఆర్పేయాలి. ఆ నల్ల ఊక తేలికగా ఉండి, నీటినీ గాలినీ రెండింటినీ పట్టి ఉంచుతుంది. పూర్తిగా కాలి తెల్లబడిన బూడిద మాత్రం వద్దు. అది మెత్తని పొడి, క్షారగుణం కలది, రెండు విధాలా చెడ్డది. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే బూడిద ఎక్కువగా ఈ రకమే. బాయిలర్ల బొగ్గు చిట్టెం, థర్మల్ కేంద్రాల బూడిద వాడేవారూ కొందరున్నారు. వాటిలో బోరాన్, కొన్ని భార లోహాలు ఉండే అవకాశం ఉంది కనుక పరీక్ష చేయించకుండా వాడటం నాకు సమ్మతం కాదు.

మన వేసవిని తట్టుకోవడానికి కొంత సేంద్రియ పదార్థం కూడా కావాలి. అనంతపురంలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం రెండంగుళాల పళ్లెంలో ఉత్త ఇటుక గింజ ఉంటే పొద్దున పోసిన నీరు ఒంటిగంటకు మిగలదు. కోనసీమలో విరివిగా దొరికే కొబ్బరి పొట్టు ఇందుకు అందరూ వాడేదే. కానీ అందులో సహజంగానే ఉప్పు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చి కడగాలి, మొత్తంలో పదో వంతు మించకూడదు. వానాకాలంలో అది నీటిని వదలదు. నాకు ఎక్కువ నచ్చినది ఏడాది పాటు మాగిన ఆకు ఎరువు. దాన్ని పూర్తిగా ఎండబెట్టి, ఇటుకను పట్టిన జల్లెడతోనే పట్టి, పొడి తీసేసి, ముక్కలు ముక్కలుగా ఉన్నదే వాడాలి. వర్మికంపోస్టు మంచి ఎరువే గానీ మెత్తగా ఉంటుంది. పళ్లెం మట్టిలో కలపడం కంటే పైన పలుచగా చల్లడం మేలు.

విదేశీ సలహాలు చదివి పిల్లుల మరుగుకు వాడే మట్టిని కొనేవారి గురించి ఒక మాట. బ్రిటన్‌లో బోన్సాయ్ పెంచేవారు డెన్మార్క్‌లో దొరికే మోలర్ మట్టిని కాల్చి చేసిన ఒక రకాన్ని వాడతారు, అది గట్టిగా నిలుస్తుంది. మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా బెంటొనైట్, తడవగానే ఉబ్బి ముద్దకట్టేస్తుంది. పేరు ఒకటే కదా అని మొక్కకు వేస్తే అది చచ్చినట్టే. పెర్లైట్ అనే తెల్లని తేలికపాటి రాతి గుళికలు వానకు తేలి కొట్టుకుపోతాయి. గుండ్రటి కాల్చిన మట్టి గోళీలు మరీ పెద్దవి, వేళ్లను పట్టి ఉంచవు. పగలగొట్టుకుంటే ఇటుక లాగే పనికివస్తాయి, అంత ధర పెట్టి కొనడం దేనికన్నదే ప్రశ్న.

పాళ్ల విషయంలో అందరికీ ఒకే లెక్క చెప్పలేను. గోదావరి జిల్లాల్లో, విశాఖ తీరంలో వానా తేమా ఎక్కువ కనుక రావి, మర్రి, జువ్వి వంటి చెట్లకు ఇటుక గింజ మూడు పాళ్లు, రాతిగింజ ఒక పాలు, ఆకు ఎరువు ఒక పాలు కుదురుతుంది. రాయలసీమలో, ఉత్తర తెలంగాణలో రాతిగింజను సగానికి తగ్గించి ఆ మేరకు నల్ల ఊకో ఆకు ఎరువో పెంచుకోవచ్చు. చింత, సీమచింత, వేప కాస్త ఎండుదనాన్ని ఓర్చుకుంటాయి. దానిమ్మకూ నిమ్మకూ ఆకు ఎరువు కొంచెం ఎక్కువ ఉన్నా తప్పులేదు. ఎడారి గులాబికి, జేడ్ మొక్కకు ఆకు ఎరువు, కొబ్బరి పొట్టు రెండూ వద్దు. ఇటుక, రాయి, కాసింత నల్ల ఊక చాలు.

ఇటువంటి మిశ్రమంలో నాటినవారు ఎరువు విషయంలో అలవాటు మార్చుకోవాలి. ఇటుక గింజ ఎర్రమట్టిలా పోషకాలను ఎక్కువగా నిల్వ ఉంచదు, కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. నూనె తీయగా మిగిలిన వేరుశనగ పిండి, వేపపిండి కలిపి మాగబెట్టి చిన్న ఉండలుగా మట్టి పైన పెడితే నీరు పోసినప్పుడల్లా కొంచెం కొంచెంగా దిగుతుంది. ఆముదపు పిండిని కుక్కలున్న ఇంట్లో వాడవద్దు, అవి తింటే ప్రాణాపాయం. బోరునీటిలో లవణాలు మరీ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పళ్లెం అంచున తెల్లని పూత కడుతుంది, లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మిగతా భాగం పసుపుబారుతుంది. దానికి ఇటుకను తప్పుపట్టకుండా, వాననీరు పట్టి వాడుకోవడమో, అది మిగలని కాలంలో అప్పుడప్పుడు నీరు ధారాళంగా పోసి ఉప్పును కడిగేయడమో చేయాలి.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను కొత్త మిశ్రమంలోకి మార్చేటప్పుడు మరో చిక్కు ఉంది. ఎర్రమట్టి ముద్దను అలాగే ఉంచి చుట్టూ ఇటుక గింజ పోస్తే, నీరు గింజల మధ్యగా జారిపోతుంది గానీ గట్టిపడిన ముద్ద నడిబొడ్డుకు అందదు. పైకి రోజూ తడి కనిపిస్తూనే లోపల మొదలు వేళ్లు ఎండిపోతాయి. ఆ ముద్దను వెదురు పుల్లతో నెమ్మదిగా గీకి వదులు చేయాలి. రావి, మర్రి జాతులకు తొలకరి తర్వాత ఒకేసారి చేసినా తట్టుకుంటాయి. తక్కిన చెట్లకు ఈ ఏడు సగం, వచ్చే మార్పిడికి మిగతా సగం చేయడం క్షేమం.

అకడమాకు నేను వ్యతిరేకిని కాను. దానికున్న ఒక గుణం ఇటుకకు లేదు. దాని గింజలు కొంత మెత్తనివి కనుక సన్నని వేళ్లు వాటిని చీల్చుకుని లోపలికి పోయి మరింత సన్నగా చీలతాయి. పోషకాలను పట్టి ఉంచే శక్తి కూడా దానికే ఎక్కువ. ఏళ్ల తరబడి తీర్చిదిద్దిన చెట్టును ప్రదర్శనకు సిద్ధం చేసేవారికి ఆ తేడా విలువైనదే. కానీ మొదటి మొక్క మొదలుపెట్టే కాలేజీ పిల్లవాడికో, పింఛను మీద బతికే పెద్దాయనకో ఆ సంచి లేనిదే ఈ కళ అందదని చెప్పడం అన్యాయం.

ఈ సందర్భంగా కొన్ని విన్నపాలు. వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం తమ పరిధిలోని జిల్లాల ఇటుక, పెంకు, కాల్చిన ఊక నమూనాలు తెప్పించి, వాటి పీహెచ్, ఉప్పు శాతం, నీరు పట్టే గుణం, గాలి ఖాళీ కొలిచి, ఫలితాలను తెలుగులో చిన్న కరపత్రంగా అందరికీ అందేలా వేయాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో ఇంటితోటల మీద జరిగే శిక్షణలో ఈ కొలతలు చేసి చూపించవచ్చు. కడియం నర్సరీదారులు కడిగి జల్లించిన ఇటుక గింజను, సంచి మీద సైజు రాసి, అమ్మకానికి పెడితే కొనేవారు తప్పక ఉంటారు. సుత్తి పట్టలేని పెద్దవారికీ, అపార్ట్‌మెంట్లలో చప్పుడు చేయలేనివారికీ అది గొప్ప మేలు. తడిపి కొట్టడం, మాస్కు ధరించడం అనే షరతులు కచ్చితంగా పాటిస్తే స్వయం సహాయక సంఘాల మహిళలకూ ఇది ఒక చిన్న ఆదాయం కాగలదు.

మీ పెరటితోటల పేజీని కూర్చేవారికి కూడా ఒక మనవి. ఇకముందు కుండీ మట్టి గురించి వ్యాసం వేసినప్పుడు ఫలానా సరుకు కొనమన్న సలహాతో ఆపకుండా, రేణువు ఎన్ని మిల్లీమీటర్లుండాలో, జల్లెడ ఏ దుకాణంలో దొరుకుతుందో, కారిన నీటిని ఎలా కొలవాలో కూడా బొమ్మలతో ముద్రించండి. తొలకరికి ముందు, మే నెలాఖరులో వేస్తే, మొక్కలు మార్చే అదనుకు పాఠకులకు అందుతుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
రాజమహేంద్రవరం.